ఎండు వైపు

వేరుకి వెలుతురు గిట్టదు. అందుకని ఆ గదిలో పట్టపగలు కూడా చీకటే.

గది అనడం మర్యాదకి. నిజానికి అది నేలలోకి తవ్విన సన్నటి నడవా. పైన పరిశోధన కేంద్రం వాళ్ల మొక్కజొన్న మళ్లు. సిమెంటు మెట్లు దిగి, ఇనుప తలుపు తోసుకుని లోపలికి వెళ్తే అటూ ఇటూ వరసగా గాజు పలకలు. గాజు వెనక మట్టి, మట్టిలో వేళ్లు. ఒక్కో పలకకీ ఒక నల్ల రబ్బరు తెర. తెర ఎత్తాలి, మసగ్గా వెలిగే ఆకుపచ్చ బల్బు కింద వేళ్లు ఎంత దూరం పాకాయో చూసుకోవాలి, తెర దించాలి, ఆ తర్వాతే పక్క పలక దగ్గరికి పోవాలి. తెల్ల దీపం లోపలికి తేకూడదు. తెల్ల వెలుతురు తగిలిందంటే వేళ్లు గాజుని వదిలేసి మట్టిలోకి తిరిగిపోతాయి. నెలల కష్టం నీళ్లపాలు.

ఆ నడవాకి సర్వాధికారి మేడమ్. ఆఫీసులో అందరూ అలాగే పిలిచేవాళ్లు. ఇంట్లో భర్త కూడా మొదట్లో వేళాకోళానికి, తర్వాత అలవాటు కొద్దీ మేడమ్ అనే పిలిచేవాడు. నడివయసు మనిషి. వృక్షశాస్త్రంలో పెద్ద చదువు, దానితోపాటు నడుము నొప్పి. మాట సూటిగా ఉండేది, పని అంతకంటే సూటిగా ఉండేది.

నడవాకి కుడి పక్క తడి వైపు. ఆ మళ్లకి కావలసినంత నీరు. ఎడమ పక్క ఎండు వైపు. వాన వస్తే పట్టాల మీద జరిగొచ్చి ఆ మళ్లని మూసేసే రేకుల కప్పు ఒకటి ఉంది. చుక్క పడనివ్వరు. అలాగని నీళ్లు ఒక్కసారిగా ఆపరు. అలా ఆపితే మొక్క బెదిరిపోతుంది. ఈ వారం కొంచెం తగ్గిస్తారు, వచ్చే వారం ఇంకొంచెం. మొక్కకి తెలియకుండానే దాహం అలవాటు చేస్తారు.

"రోజూ పైపైన తడిపారనుకోండి, వేరుకి బద్ధకం. పైనే దొర్లుతూ కూర్చుంటుంది," అని చూడటానికొచ్చిన కాలేజీ పిల్లలకి చెప్పేది మేడమ్. "దాహం వెయ్యాలి. అప్పుడు గానీ దిగదు."

నడవాలో ఇంకో వస్తువుంది. దప్పికగొన్న మొక్క కాండంలో నీటి పోగు పుటుక్కున తెగుతుంది. ఆ చప్పుడు మన చెవికి అందదు. కాండాలకి తగిలించిన చిన్న మైకుల్లోంచి దాన్ని పట్టి, మనకి వినబడేలా పెంచి, ఒక డబ్బాలోంచి వినిపిస్తారు. తడి వైపు నుంచి ఎప్పుడో ఒకటి. ఎండు వైపు నుంచి మాత్రం రోజంతా... టిక్. టిక్. టిక్. దానికి ఏడుపు పెట్టె అని పేరు పెట్టినవాడు టెక్నీషియను. అతనికి బ్యాటరీ అని పేరు పెట్టింది ఆఫీసు. అతని నోరు ఎప్పుడూ చార్జింగు మీదే ఉంటుంది కాబట్టి.

"ఈ ఏడుపు వింటూ మీరు ఫ్లాస్కులో కాఫీ ఎలా తాగుతారు మేడమ్?" అనేవాడు.

"నోటితో," అనేది మేడమ్.

*

మళ్ల గట్టు దాటితే క్వార్టర్లు. మొదటి వరసలో, కింది అంతస్తులో మేడమ్ వాళ్లిల్లు. పొలం వైపు కిటికీ ఉన్న గది అక్కది.

అక్క ఒకప్పుడు టెలిఫోను ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. గొంతు పెట్టుబడిగా బతికిన మనిషి. పెళ్లి చేసుకోలేదు గానీ చెల్లెలికి సంబంధం వస్తే ముందుగా తనే పెళ్లికొడుకుకి ఫోను చేసి, లైను కలవడం లేదన్న వంకతో అరగంట మాట్లాడించి, "పరవాలేదే చిట్టీ, విసుక్కోడు" అని సర్టిఫికెట్టు ఇచ్చింది. చిట్టీ అని మేడమ్‌ని పిలిచే మనిషి లోకంలో ఆవిడొక్కతే మిగిలింది.

పక్షవాతం వచ్చాక మూతి ఒక పక్కకి పోయింది, ఒక చెయ్యీ రెండు కాళ్లూ పడిపోయాయి. మాట మాత్రం నిదానంగా వస్తుంది. చెల్లెలే తెచ్చి ఇంట్లో పెట్టుకుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆయా. ఆయా వెళ్లిపోయాక పక్క తడిస్తే మార్చడం మేడమ్ వంతు. డైపర్లు వేస్తే ఒళ్లంతా పుండ్లు పడ్డాయి, డాక్టరమ్మ వద్దంది. అక్క ఒళ్లు బరువు. మేడమ్ నడుము నొప్పి సంగతి చెప్పనే చెప్పాను. ఒక తెల్లవారుజామున దుప్పటి లాగుతూ లాగుతూ నడుం పట్టేసి, మంచం పట్టె పట్టుకుని అలాగే ఉండిపోయిన మేడమ్‌కి ఒక ఆలోచన వచ్చింది. ఆలోచన కూడా కాదు. చేతికి అలవాటైన పద్ధతి.

చీకటి పడ్డాక అక్కకి నీళ్లివ్వడం మానేసింది.

తర్వాతి వారం సాయంత్రం నుంచే మానేసింది. ఆ పై వారం ఎండ తగ్గినప్పటి నుంచి. పగలు కూడా కొలిచే ఇమ్మని ఆయాకి చెప్పింది. పెదవులు తడపడానికి చెమ్చాతో రెండు చుక్కలు. శరీరం అలవాటు పడుతుంది, ఒక్కసారిగా చెయ్యకపోతే చాలు అనుకుంది. గ్లాసుని మంచం పక్క బల్ల మీంచి తీసి కిటికీ గట్టు మీద పెట్టింది. అక్క మంచి చెయ్యి అంతదూరం అందదు.

"చిట్టీ, ఒక్క గుక్కే."

"ఇందాకే తాగావు కదా అక్కా."

"ఇందాకంటే ఎప్పుడే? నా పెళ్లప్పుడా?"

"నీకు పెళ్లెక్కడయింది?"

"అదేగా నేను చెప్పేది."

ఇద్దరూ నవ్వారు. అక్క నవ్వితే మూతి ఇంకా పక్కకి పోతుంది. ఆ నవ్వులో నీళ్ల మాట కొట్టుకుపోయింది. మేడమ్ దీపం ఆర్పి వచ్చేసింది. వెనక చీకట్లో అక్క ఎండిన నాలుకని అంగిలికి తగిలించి లాగిన చప్పుడు. టక్. కాసేపాగి, టక్. ఆ చప్పుడు ఎక్కడో విన్నట్టే ఉంది గానీ ఎక్కడా అని మేడమ్ ఆలోచించలేదు. ఆలోచించదలుచుకోలేదు.

పక్క పొడిగా ఉండసాగింది.

"వదినకి నయమవుతున్నట్టుంది మేడమ్," అన్నాడు భర్త, చొక్కాకి గుండీలు పెట్టుకుంటూ. "చూశావా, పక్క తడపడం పూర్తిగా మానేసింది. మా ఆఫీసులో కూడా చెప్పాను."

"అవును," అంది మేడమ్. ఇస్త్రీ పెట్టె కింద దుప్పటి మీద లేని ముడతని మళ్లీ మళ్లీ రుద్దింది.

ఒకరోజు మధ్యాహ్నం భోజనానికి కొంచెం ముందుగా ఇంటికొచ్చింది. ఆయా పెరట్లో బట్టలు ఆరేస్తోంది. అక్క గది తలుపు ఓరగా ఉంది. లోపల్నించి ఏదో చప్పుడు... పాలు తాగే పసిపిల్ల చప్పుడు. మేడమ్ తొంగి చూసింది.

ఒళ్లు తుడిచిన తడి తువ్వాలు ఆయా మంచం పట్టె మీద వదిలేసి వెళ్లింది. దాని కొసని అక్క మంచి చేత్తో పట్టుకుని నోట్లో పెట్టుకుని చప్పరిస్తోంది. కళ్లు గట్టిగా మూసుకుని. గొంతు ఆత్రంగా పైకీ కిందకీ ఆడుతోంది.

మేడమ్ వెనక్కి తగ్గింది. చప్పుడు కాకుండా వంటింట్లోకి వెళ్లి, అప్పుడే వచ్చినట్టు గిన్నెలు గట్టిగా కదిపింది. మళ్లీ వెళ్లి చూసేసరికి తువ్వాలు పట్టె మీద మడతపెట్టి ఉంది. అక్క పైకప్పు కేసి చూస్తోంది. గడ్డం మీద తడి. ఆ తడిని ఇద్దరూ చూడనట్టే ఉన్నారు. ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకోలేక, ఎండలు మండిపోతున్నాయని కాసేపు మాట్లాడుకున్నారు.

అప్పుడు గ్లాసు అందిస్తే అయిపోయేది. అందించాలంటే, ఇన్నాళ్లూ ఏం చేసిందో ఒప్పుకున్నట్టవుతుంది.

సాయంత్రం ఆయా వెళ్లబోతుంటే గుమ్మం దగ్గర ఆపింది. "తువ్వాలు గట్టిగా పిండి తుడువు. పక్క చెమ్మెక్కుతోంది."

ఆయా చెప్పులేసుకుంటూ తలెత్తలేదు. "అలాగేనమ్మా."

అలాగేనమ్మా అన్న ఆ ఒక్క మాట మేడమ్‌కి ముల్లులా దిగింది. ఈ మనిషికి తెలుసు. తనకి తెలుసని నాకు తెలుసు. అయినా రేపు పొద్దున వస్తుంది, తువ్వాలు గట్టిగా పిండుతుంది.

*

"మేడమ్, ఎండు వైపు చివరి పలక ఒకసారి చూడండి," అన్నాడు బ్యాటరీ. "నన్ను మాత్రం అనుమానించకండి. నేను నోరున్నవాణ్ణే గానీ దొంగని కాదు."

నడవాలో ఆకుపచ్చటి మసక. మట్టి వాసన, రబ్బరు వాసన. ఏడుపు పెట్టె తన పని తను చేసుకుంటోంది. టిక్... టిక్. బ్యాటరీ చివరి పలక తెర ఎత్తాడు.

పైనుంచి వేళ్లు నిటారుగా, గీత గీసినట్టు కిందికి దిగిపోయాయి. దాహం నేర్పిన వేళ్లు అలాగే దిగుతాయి. అయితే సగం కింద, మోకాలికి కొంచెం పైన ఒక చోట మాత్రం పక్క వేళ్లు పుట్టుకొచ్చాయి. ఒకటీ అరా కాదు. తెల్లగా, దట్టంగా, నూగుతో, అన్నీ ఒకే చోటికి తిరిగి ముసురుకున్నాయి. వాటి నడుమ మట్టి నల్లగా మెరుస్తోంది. తడి.

"నీళ్లు తగలని చోట పక్క వేరు ఇలా పీచు కట్టదు కదా మేడమ్? ఎవరో దొంగచాటుగా పోస్తున్నారంటాను నేను."

"పైనుంచి పోస్తే పైమట్టి తడవాలి. పైన అంతా పిండిలా ఉంది." మేడమ్ గొంతు మామూలుగానే ఉంది. "బాగా లోతుకు దిగిన వేరు, చీకట్లో, కింది నీరు తోడి మధ్యలో పొడి మట్టిలోకి వదులుతుంది. కొత్తేం కాదు. పుస్తకాల్లో ఉన్నదే."

"వదలడమెందుకు? దానికే గుక్క దొరక్క చస్తోంది కదా."

"చుట్టుపక్కల ఎండిపోయే వేళ్లు బతుకుతాయి."

"అబ్బో! మన ఆఫీసులో ఒక్కడికీ లేదు మేడమ్ ఈ బుద్ధి." బ్యాటరీ పగలబడి నవ్వాడు. నడవాలో ఆ నవ్వు అటు చివరిదాకా పోయి వచ్చింది. మేడమ్ నవ్వలేదు.

దగ్గరగా చూడటానికి వంగింది. వంగాక తెలిసింది, ఆ వంపు ఒంటికి బాగా అలవాటైనదని. నడుములో నొప్పి అదే చోట పట్టింది. రోజూ పొద్దున అక్క మొహం తుడవడానికి ఎంత వంగుతుందో సరిగ్గా అంతే వంగింది.

ఆ పీచు నడుమ ఖాళీ ఉంది. గుండ్రం కాదు. ఒక పక్కకి లాగినట్టు వంకరగా ఉంది.

"తెర దించెయ్," అంది మేడమ్.

*

ఆ తర్వాతి మధ్యాహ్నం ఆకాశం నల్లబడింది. ఎండు వైపు కప్పు జరపబోతే చక్రం పట్టాల మీద బిగుసుకుపోయింది. బ్యాటరీ కాపలావాణ్ణి పిలుచుకుని పైన దాన్ని తోస్తూ, మధ్యమధ్యలో తిడుతూ ఉన్నాడు. మేడమ్ ఒక్కతే కిందికి దిగింది. వాన నీరు ఎక్కడైనా ఊరుతోందేమో చూడాలి. అది తనకి తను చెప్పుకున్న కారణం.

ఇనుప తలుపు వెనక మూసుకుంది. పైన తిట్లు వినబడటం మానేశాయి.

ఆకుపచ్చ వెలుతురు. టిక్... టిక్... చివరిదాకా నడిచింది. తెర అంచు పట్టుకుంది. రబ్బరు చల్లగా, చెమటపట్టిన చర్మంలా తగిలింది.

కరెంటు పోయింది.

ఒక్క పెట్టున చీకటి. కళ్లు తెరిచినా మూసినా ఒకటే చీకటి. పంకా ఆగిపోయింది. ఏడుపు పెట్టె ఆగిపోయింది. ఇన్నేళ్లలో ఆ నడవాలో అంత నిశ్శబ్దం ఆమె ఎప్పుడూ వినలేదు. కాసేపట్లో జనరేటరు వేస్తారులే అనుకుంది. కదలకుండా నిలబడింది.

మొదట వాసన వచ్చింది. మట్టి వాసన కాదు... తలనూనె, పౌడరు, మందుల వాసన. తలగడ వాసన.

తర్వాత...

టక్.

పెట్టె కాదు. పెట్టెకి కరెంటు లేదు. ఇది మెత్తటి చప్పుడు. నాలుక అంగిలికి అంటుకుని ఊడిన చప్పుడు.

టక్.

తెర వెనక నుంచి. మోకాలికి కొంచెం పైన.

మేడమ్ చెయ్యి తెరనింకా వదల్లేదు. వదలమని చెప్పినా వినలేదు ఆ చెయ్యి. గొంతులో తడి లేదు. అప్పుడు గుటక వేసిన చప్పుడు వినబడింది. గుటక తనది కాదు. ఇంకో గుటక. ఆత్రంగా, ఒకదాని మీద ఒకటి... ఊపిరి తిప్పుకోవడానికి ఆగి... మళ్లీ.

సెల్‌ఫోను తీసింది. ఎప్పుడూ ఎవర్నీ వెలిగించనివ్వని తెల్ల దీపం వెలిగించింది. తెర ఎత్తింది.

వేళ్లు పారిపోలేదు.

వందల కొద్దీ తెల్లటి వేరు కొసలు ఆ వంకర ఖాళీ చుట్టూ గుమిగూడి ఉన్నాయి. ప్రతి కొసకీ ఒక బొట్టు. బొట్టు ఊరుతోంది, బరువెక్కుతోంది, ఖాళీలోకి జారుతోంది. జారిన బొట్టు కింద పడటం లేదు. గాజుకి లోపలి వైపున, మట్టి ఉన్న వైపున, ఆవిరి పట్టింది. అరచెయ్యంత. ఆ ఆవిరి తగ్గింది. మళ్లీ పరుచుకుంది. తగ్గింది... పరుచుకుంది...

ఊపిరి.

"ఇంకొంచెం..."

గుసగుస. మాట ముద్దగా, ఒక పక్క నుంచి వస్తోంది. మేడమ్‌తో కాదు. అక్కడ, మట్టిలో, ఇంకెవరితోనో.

"ఇంకొంచెం పొయ్యండి..." గుటక. "చిట్టీకి చెప్పకండి..."

ఫోను ఎక్కడ పడిందో తెలియదు. గోడలకి భుజాలు కొట్టుకుంటూ పరిగెత్తింది. భయానికి పరిగెత్తానని తర్వాత ఎవరికైనా చెప్పుకోవచ్చు. భయం ఉంది కూడా. అయితే ఆ చీకట్లో ఆమె మొహం భయంతో చల్లబడలేదు. చెంపలు మండిపోయాయి. ఎవరో నలుగురిలో నిలబెట్టి కొట్టినట్టు మండిపోయాయి.

*

పైన వాన దంచుతోంది. "కప్పు రావట్లేదు మేడమ్! ఎండు వైపంతా తడిసిపోతోంది!" అని అరిచాడు బ్యాటరీ.

"తడవనీ!"

బ్యాటరీ నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. అతని జన్మలో మొదటిసారి ఆ నోట్లోంచి మాట రాలేదు. మేడమ్ గట్టు మీద బురదలో జారుతూ, లేస్తూ ఇంటికి పోయింది.

ఆయా వరండాలో నిలబడి ఉంది. "పెద్దమ్మగారు ఇవాళ నీళ్లు అడగలేదమ్మా," అంది, తనంత తనే. "పొద్దున్నుంచి ఒక్కసారి కూడా."

మేడమ్ కిటికీ గట్టు మీది గ్లాసు నింపింది. తొందరలో సగం నేల మీద పోసింది. మళ్లీ నింపింది.

"అక్కా. అక్కా, నీళ్లు."

అక్క కళ్లు తెరిచింది. నిన్నటిదాకా పగిలి తోలు లేచిన పెదవులు ఇప్పుడు నున్నగా, నిండుగా, తడిగా ఉన్నాయి. వంకరపోయిన మూతి చివర సన్నటి గోధుమ రంగు చార. వంగితే, తొలకరికి తడిసిన నేల వాసన.

"వద్దే," అంది అక్క.

"ఒక్క గుక్క."

"తాగాను చిట్టీ." అక్క కళ్లు బెదురుగా చెల్లెలి మొహం వెతికాయి. "కోప్పడకు."

ఆ మాటకి మేడమ్ మంచం పక్కన కూలబడింది. "ఎవరిచ్చారు? ఆయానా?"

"నా పిల్లల మీద ఒట్టమ్మా," అంది గుమ్మం దగ్గరి నుంచి ఆయా.

"ఎవరిచ్చారక్కా?"

అక్క కాసేపు ఆలోచించింది. "అడక్కుండానే ఇచ్చారే," అంది, అదే వింత అన్నట్టు.

మేడమ్ గ్లాసు ఆ పెదవులకి ఆనించింది. అక్క మొహం తిప్పుకుంది. మేడమ్ ఇటు వచ్చింది. అక్క అటు తిప్పుకుంది. నీళ్లు గడ్డం మీంచి మెడలోకి, తలగడలోకి కారాయి. "ఒక్క గుక్కే, అక్కా, నా కోసం, ఒక్కటంటే ఒక్క గుక్క..." గొడుగు ముడుస్తూ లోపలికొచ్చిన భర్త విన్నది ఆ మాటలే.

"ఏమైంది? వదిన నీళ్లు తాగడం లేదా?"

మేడమ్ లేవలేదు. వెనక్కి తిరగలేదు. "నేనే ఆపేశాను," అంది మంచం పట్టెతో. "కొంచెం కొంచెంగా. పక్క తడవకూడదని."

ఆయా పని లేకపోయినా వంటింట్లోకి వెళ్లింది. భర్త గొడుగు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. గొడుగు కొస నుంచి నీళ్లు నేల మీద మడుగు కట్టాయి. ఆయన విసుక్కోడు. అక్క ఏనాడో చెప్పింది. విసుక్కుని ఉంటే బాగుండేది.

"నయమవుతోందని అందరికీ చెప్పాను," అన్నాడు చివరికి.

డాక్టరమ్మ ఆ సాయంత్రమే వచ్చింది. అక్క చేతి మీద చర్మం గిల్లి వదిలింది. అది వెంటనే సర్దుకుంది. నాలుక చూసింది, కళ్లు చూసింది.

"ఒంట్లో నీటికి ఏ లోటూ లేదు. చాలా బాగా చూసుకుంటున్నారు," అంది మేడమ్ భుజం తట్టి. "ఎన్ని ఇళ్లలో చూస్తానో. పక్క తడుపుతారని ముసలివాళ్లకి నీళ్లు ఆపేస్తారు. మాట పోయినవాళ్లు ఎవరికి చెప్పుకుంటారు? మీలాంటి చదువుకున్నవాళ్ల ఇళ్లకొస్తే ప్రాణం లేచొస్తుంది."

"నేనేం తాగించలేదు," అంది మేడమ్.

"అందరూ అలాగే అంటారు," అని నవ్వుతూ పెట్టె సర్దుకుంది డాక్టరమ్మ.

*

ఆ రోజు నుంచి అక్క నీళ్లు ముట్టలేదు. మేడమ్ సెలవు పెట్టి గంట గంటకీ గ్లాసు పట్టుకుని వెళ్లేది. గ్లాసు నిండుగా తిరిగొచ్చేది. అయినా అక్క మొహం నిగనిగలాడుతోంది. బుగ్గలు నిండాయి. ఒళ్లు మాత్రం చల్లగా ఉండేది, నేల మీద పెట్టిన కుండలా. మాటలు తగ్గిపోయాయి. వేళాకోళాలు అసలే లేవు. ఎప్పుడైనా చెవి తలగడకి ఆనించి, లైనులో అవతలి మనిషి మాట వింటున్నట్టు ఉండేది.

బ్యాటరీ ఇంటి ఫోనుకి చేశాడు. మామూలు గొంతు కాదు. "మేడమ్, ఇంత వాన పడ్డాక కూడా ఎండు వైపు మొక్కలు వాడిపోతున్నాయి. చివరి పలక చూశాను. మట్టి ఎక్కడిదక్కడే ఉంది. పీకిన గుర్తు లేదు, కోసిన గుర్తు లేదు." గొంతు తగ్గించాడు. "వేళ్లు లేవు మేడమ్. ఒక్కటి కూడా."

"సరే," అంది మేడమ్. ఫోను పెట్టేసి కిటికీలోంచి గట్టు వైపు చూసింది. పొలానికీ ఈ గోడకీ మధ్య ఉన్నది పది అడుగుల గడ్డి నేల.

మర్నాడు పొద్దున ఆయా వచ్చి గుమ్మంలో నిలబడింది. "దుప్పటి మార్చాలమ్మా. నా ఒక్కదాని వల్ల కావట్లేదు. బరువెక్కారు."

ముగ్గురూ పట్టారు. భర్త భుజాల దగ్గర, ఆయా కాళ్ల దగ్గర, మేడమ్ నడుము దగ్గర. గదినిండా పొద్దుటి ఎండ. పెరటి అవతల ఎవరిదో రేడియో. "వదిన గారూ, ఒక్క నిమిషం, ఇటు తిరగాలి," అన్నాడు భర్త మెత్తగా.

ఎత్తారు.

అక్క ఒళ్లు కొంచెం లేచింది. లేచి ఆగిపోయింది. ఏదో పట్టి ఉంచినట్టు. ఇంకొంచెం లాగారు... అప్పుడు మంచం లోపల్నించి చప్పుడు. సన్నగా, చాలా సన్నగా, ఒకటి తర్వాత ఒకటి... తడి నేలలోంచి గడ్డి పీకుతుంటే వచ్చే చప్పుడు.

ఆయా కాళ్లు వదిలేసి రెండడుగులు వెనక్కి వేసింది.

అక్క మొహం నొప్పితో ముడుచుకుంది. చాలా రోజులకి చెల్లెలి వైపు తిన్నగా చూసింది.

"మెల్లగా చిట్టీ..." అంది. "తెగిపోతాయి."

వెనక్కి పడుకోబెట్టారు. భర్త మేడమ్ వైపు చూడలేదు. ఆయా చూడలేదు. మేడమ్ అరచేతిని దుప్పటి కిందికి, అక్క వీపుకీ పరుపుకీ మధ్యకి నెమ్మదిగా పోనిచ్చింది. అక్కడ చల్లగా ఉంది. తడిగా ఉంది. ఆ తడిలో మెత్తటి కొస ఒకటి వచ్చి ఆమె చిటికెన వేలికి తగిలింది. ఆగింది. అటూ ఇటూ తడిమి చూసింది.

తర్వాత, ఏం తెలిసిందో ఏమో, ఆమె చేతిని వదిలి పక్కకి తిరిగి పోయింది.